కొబ్బరికాయ పడిన మడ్‌గార్డు, రావులపాలెం దారిలోని టింకరింగ్ షెడ్డు

మాది అంబాజీపేట దగ్గర ఊరు. 2024 జూన్‌లో మా దొడ్లో కొబ్బరి దింపు తీయిస్తున్న రోజున, కారు చెట్టు కింద ఉండగానే గెల నుంచి జారిన కాయ ఒకటి మా 1971 మోడల్ అంబాసిడర్ ఎడమ వైపు ముందు మడ్‌గార్డు మీద, హెడ్‌లైటుకు జానెడు వెనకగా పడింది. నిండు నీళ్ల కాయ, పైగా నలభై అడుగుల చెట్టు. అరచేయి వెడల్పున, మధ్యలో అంగుళానికి కాస్త తక్కువ లోతున సొట్ట పడింది. దాని చుట్టూ, ముఖ్యంగా తలుపు వైపు, రేకు వేలి మందాన గట్టులా పైకి లేచింది. గట్టు మీద పెయింటు నెరలు విచ్చి, లోపలి బూడిద రంగు ప్రైమరు కనబడింది.

ఆ సొట్ట తీయించడానికి రావులపాలెం నుంచి కొత్తపేట వెళ్లే రోడ్డులో, కాలువ గట్టును ఆనుకుని ఉన్న ఒక చిన్న టింకరింగ్ షెడ్డుకు కారు ఇచ్చాను. అప్పటినుంచి రెండు వర్షాకాలాలు గడిచాయి. రేకు పని మంచి చెడ్డలు బండి చేతికి వచ్చిన రోజున తెలియవు. వాన, ఎండ, కుదుపులు తిన్న తరువాతే బయటపడతాయి. అందుకే ఇంతకాలం ఆగి రాస్తున్నాను. పాత కార్లు ఉన్నవారు కోనసీమలోను, పశ్చిమ డెల్టాలోను ఇంకా కొందరు ఉన్నారు కాబట్టి, ఆ షెడ్డులో ఏం చేశారో, ఎలా చేశారో కాస్త వివరంగానే చెబుతాను.

ముందుగా ఒక విషయం. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా మీద తయారైన ఈ కారు ఉత్పత్తి పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 మే నెలలో ఆగిపోయింది. నా బండి 1975లో మార్క్ 3 రాకముందు నాటి మార్క్ 2. తరువాతి మోడళ్ల రేకు భాగాలు పాత సామాను దుకాణాలలో అప్పుడప్పుడు దొరుకుతాయి గాని, అవి తుప్పు లేకుండా, ముందు భాగం గీతలన్నీ కలిసేలా దొరకడం అరుదు. కొత్తది తెచ్చి బిగించే అవకాశం లేనప్పుడు ఉన్న రేకునే బాగు చేయించుకోవాలి. ఆ రోజుల్లో వాడిన రేకు ఇప్పటి చిన్న కార్ల రేకు కన్నా మందంగా ఉంటుంది. బాగు చేసే చేయి దొరికితే అది సుత్తికి లొంగుతుంది.

షెడ్డుకు వెళ్లకముందు మరో మూడు చోట్ల అడిగాను. ఒక చోట గట్టు భాగాన్ని కోసేసి వేరే ముక్క వెల్డింగ్ చేస్తామన్నారు. ఇంకొక చోట గుంటలో లప్పం నింపి రుద్ది రెండు రోజులలో బండి ఇచ్చేస్తామన్నారు. పట్టణంలో కొత్త పద్ధతి వచ్చిందని, పెయింటు చెడకుండా రబ్బరు కప్పుతో సొట్టను బయటికి లాగవచ్చని మూడో చోట చెప్పారు. ఆ పద్ధతి తప్పేమీ కాదు. రేకు సాగకుండా, మడత పడకుండా, పెయింటు పగలకుండా లోతు తక్కువగా పడిన సొట్టలకు అది చక్కగా పనిచేస్తుంది. నా బండిలో మడత పడింది, పెయింటు పగిలింది, ఆ పెయింటు కూడా ఎప్పుడో తిరిగి వేయించినది. అక్కడ లాగితే పెయింటు పొర ఊడి వస్తుంది గాని గట్టు కదలదు.

లప్పం సంగతి నాకు అనుభవమే. కొన్నేళ్ల కిందట ఇదే కారు వెనుక తలుపుకు గేటు గుద్దుకుని సొట్ట పడితే ఒక గ్యారేజీలో బాగు చేయించాను. ఆ పేరు ఇప్పుడు అవసరం లేదు. బండి తీసుకున్న రోజున అద్దంలా ఉంది. రెండో వర్షాకాలం చివర తలుపు మధ్యలో వెంట్రుక మందాన చీలిక కనబడింది, మరుసటి వేసవికి అక్కడ పొక్కులు లేచాయి. గోటితో గీరితే చిన్న వేలి మందాన లప్పం పెచ్చు ఊడి వచ్చింది. దాని కింద సొట్ట ఎలా పడిందో అలాగే ఉంది. అదనంగా తుప్పు చేరింది. పాలియెస్టర్ లప్పంలో జిగురుతో పాటు టాల్కు పొడి ఉంటుంది. అలాంటి లప్పానికి తేమను పీల్చుకునే గుణం ఉంది. రేకు ఎండకు సాగి చల్లదనానికి ముడుచుకునే తీరు వేరు, లప్పం తీరు వేరు. పొర మందమయ్యే కొద్దీ ఆ రెండింటి మధ్య పట్టు సడలుతుంది. మూడు మిల్లీమీటర్లు దాటితే ఇబ్బందేనని ఈ పని తెలిసినవారు చెబుతారు. సముద్రపు గాలి తగిలే మా వైపు ఊళ్లలో అంత మందం పెట్టడం తుప్పుకు తలుపు తెరిచి పెట్టినట్టే.

ఇక షెడ్డు. పైన సిమెంటు రేకులు, నాలుగు ఇనుప గొట్టాల స్తంభాలు, ఒక మూల గ్యాస్ సిలిండర్లు, మధ్యలో రైలు పట్టా ముక్కతో చేసుకున్న దాగలి. లోపల రెండు బండ్లకే చోటు ఉంది. మేస్త్రి గారికి అరవై ఏళ్లు దాటి ఉంటాయి. పక్కన ఇద్దరు కుర్రాళ్లు పని నేర్చుకుంటున్నారు. ఆయన సొట్టను చూడగానే ధర చెప్పలేదు. పలుచటి నూలు గుడ్డను మడ్‌గార్డు మీద పరిచి, దాని మీదుగా అరచేతిని చదునుగా ఆనించి, ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు నెమ్మదిగా నడిపారు. వట్టి చేయి పెయింటుకు పట్టుకుంటుందని, గుడ్డ ఉంటే జారుతూ పోయి ఎత్తుపల్లాలు స్పష్టంగా తెలుస్తాయని కుర్రాడు నాకు చెప్పాడు. నన్నూ పట్టి చూడమన్నారు. కంటికి కనబడే సొట్ట అరచేయి వెడల్పే అయినా, చేతికి తెలిసిన పల్లం దాదాపు బొనెట్టు అంచు దాకా సాగింది. మేస్త్రి గారు సుద్దముక్కతో రెండు గీతలు గీశారు. ఒకటి నిజంగా దెబ్బ తగిలి మడత పడిన చోటు చుట్టూ, మరొకటి ఆ మడత లాగి పట్టుకోవడం వల్ల కిందికి దిగిన భాగం చుట్టూ.

“ఈ పెద్ద గీత లోపల రేకుకి ఏమీ కాలేదండి మాస్టారూ. దాన్ని ఈ గట్టు వదలడం లేదు, అంతే. ముందు గట్టుని వదిలించాలండి” అన్నారు.

నేను హైస్కూలులో భౌతికశాస్త్రం చెబుతాను. స్థితిస్థాపకత పాఠం ఏళ్ల తరబడి చెప్పిన నాకు ఆయన ఒక్క మాటలో చెప్పింది ఆ పాఠమే. వంగిన రేకులో ఎక్కువ భాగం తన పాత ఆకారానికి తిరిగి రావడానికి సిద్ధంగానే ఉంటుంది. హద్దు దాటి మడత పడిన కొద్దిపాటి భాగమే దాన్ని అడ్డుకుంటుంది. మడత పడిన చోట ఉక్కు ముందుకన్నా గట్టిపడుతుంది. తీగను ఒకే చోట అటూ ఇటూ వంచి చూసినవారికి ఇది తెలిసిన సంగతే. గుంట మధ్యలో కింద నుంచి సుత్తితో బాదితే, మెత్తగా ఉన్న రేకు ఇంకా సాగుతుంది, గట్టిపడిన గట్టు మాత్రం అలాగే ఉండిపోతుంది. పని సగం తెలిసినవారు చేసే తప్పు ఇక్కడే జరుగుతుంది. దెబ్బ ఏ క్రమంలో తగిలిందో దానికి వెనక నుంచి రావాలి. చివరగా పుట్టిన గట్టును ముందు దించాలి, మొదట దెబ్బ తిన్న మధ్య భాగాన్ని చివరన ఎత్తాలి.

పని మొదలైన రోజున సెలవు పెట్టి షెడ్డులోనే కూర్చున్నాను. ఎడమ చక్రం విప్పి, మడ్‌గార్డు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మట్టిని, పాత తారు పూతను గీకి తీయడానికే పూట పట్టింది. అడుగున మట్టి ఉంటే డాలీ, అంటే సుత్తి దెబ్బకు అడుగు నుంచి ఆనించి పట్టే ఇనుప దిమ్మె, రేకుకు సరిగా ఆనదు, ఆనకపోతే సుత్తి దెబ్బ ఎక్కడికి పోతుందో తెలియదు. పైన కూడా సొట్ట చుట్టూ మూరెడు మేర పెయింటు తీసేసి వట్టి రేకు బయటపెట్టారు. అప్పుడు తేలింది, ఈ మడ్‌గార్డుకు అంతకుముందు ఎవరూ లప్పం పెట్టలేదని. అది చూసి మేస్త్రి గారు నాకన్నా ఎక్కువ సంతోషించారు.

డాలీలు ఆయన దగ్గర ఏడు ఉన్నాయి. రెండు కొన్నవి, మిగిలినవి ఆయన చేతులతో అరగదీసుకున్నవి. మడ్‌గార్డు వంపు కన్నా కాస్త ఎక్కువ వంపు ఉన్నదాన్ని ఎంచుకుని, ఎడమ చేత్తో అడుగు నుంచి పల్లానికి ఆనించి గట్టిగా పైకి నొక్కి పట్టారు. కుడి చేత్తో పైన గట్టు మీద, గట్టు చివర నుంచి మొదలుపెట్టి, చిన్న చిన్న దెబ్బలు వేశారు. సుత్తి పడే చోటు ఒకటి, డాలీ ఉన్న చోటు మరొకటి. ఒక్కో దెబ్బకు గట్టు వెంట్రుక వాసి దిగింది, డాలీ కింద పల్లం అంతే లేచింది. శబ్దం మొద్దుగా ఉంది. పావుగంట తరువాత, ఏ పెద్ద దెబ్బా వేయకుండానే, సుద్దతో గీసిన పెద్ద గీత లోపలి భాగమంతా “టప్” మని ఒక్కసారిగా తన వంపులోకి వచ్చేసింది. నేను లేచి నిలబడ్డాను. ఆయన మాత్రం చెమట తుడుచుకుని టీ తెమ్మని కుర్రాణ్ణి పంపారు.

తరువాతి పని నెమ్మదైనది. ఇప్పుడు సుత్తి నేరుగా డాలీ మీదే పడాలి, మధ్యలో రేకు ఉండాలి. అలా పడిన ప్రతిసారీ “టంగు” మని గంట లాంటి శబ్దం వస్తుంది. తప్పి పక్కన పడితే శబ్దం చచ్చిపోతుంది, రేకుకు కొత్త నొక్కు పడుతుంది. కుర్రాడి చేతికి సుత్తి ఇచ్చినప్పుడు మేస్త్రి గారు అటు చూడలేదు, చెవి పెట్టి విన్నారు. రెండు దెబ్బలు తప్పగానే “ఆపరా” అన్నారు. దగ్గరుండి చూడకపోతే నాకు ఈ షెడ్డు గొప్పతనం తెలిసేది కాదు.

మధ్యలో నాలుగంగుళాల మేర రేకు సాగిపోయింది. అక్కడ బొటనవేలితో నొక్కితే లోపలికి “టక్”, వదిలితే బయటికి “టక్” మంది. సాగిన రేకు అదనంగా ఉంటుంది, దానికి చోటు చాలదు. ఎంత కొట్టినా ఇంకా సాగుతుందే తప్ప చదును కాదు. దానిని కుదించడానికి గ్యాస్ మంటతో రూపాయి బిళ్లంత చోటును మాత్రమే ముదురు ఎరుపుకు వచ్చే దాకా కాల్చారు. వేడెక్కిన చుక్క వ్యాకోచించాలని చూస్తుంది, చుట్టూ ఉన్న చల్లటి రేకు చోటివ్వదు, కనుక అది పక్కలకు పోలేక మందమై పైకి ఉబ్బుతుంది. ఆ ఉబ్బును కొయ్య సుత్తితో నాలుగు దెబ్బలు వేసి అణచి, వెంటనే తడిగుడ్డ పెట్టారు. “స్స్” మని ఆవిరి లేచింది. చల్లారుతూ ముడుచుకునేటప్పుడు ఆ చుక్క చుట్టూ ఉన్న సాగుడునంతా తనవైపు లాక్కుంటుంది. అలాంటి చుక్కలు ఐదు పెట్టారు, ఒక్కోదానికి నడుమ రేకు పూర్తిగా చల్లారే దాకా ఆగారు. ఆరోది పెట్టమని నేనే అడిగాను. ఎక్కువ కుదిస్తే చుట్టుపక్కల రేకు ముడతలు పడుతుందని ఆయన ఒప్పుకోలేదు. చివరికి వేలితో నొక్కితే కదలలేదు.

ఆ తరువాత ఆకురాయి. దానితో కొట్టిన చోటును ఏటవాలుగా, తేలికగా రెండుసార్లు రుద్దితే ఎత్తుగా ఉన్నచోట రేకు మెరుస్తుంది, పల్లంగా ఉన్నచోట నల్లగా మిగిలిపోతుంది. నల్ల మచ్చ కనబడ్డ ప్రతిచోటా అడుగు నుంచి మొనదేలిన సుత్తితో పొడిచి లేపి మళ్లీ ఆకురాయి పట్టారు. రుద్దుడు ఎక్కువైతే రేకు పలచబడుతుంది కనుక ఎత్తుగా ఉన్న చోట్లను అరగదీయకుండా కొట్టే సరిచేశారు. రెండో రోజు సాయంత్రానికి ట్యూబ్‌లైటు నీడ మడ్‌గార్డు మీద ఎక్కడా విరగకుండా ఒకే వంపులో పారింది.

పూర్వపు మేస్త్రీలు మిగిలిన చిన్న పల్లాలను టంకంతో నింపేవారు. 70 పాళ్లు సీసం, 30 పాళ్లు తగరం కలిసిన కడ్డీ 183 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలై, కొంత వేడి వరకు వెన్నలా ఉంటుంది. ఆ దశలో చెక్క గరిటెతో పూసేవారు. అది నీరు పీల్చదు, ఏళ్లు నిలుస్తుంది, కాని రుద్దేటప్పుడు లేచే సీసపు పొడి ఒంటికి విషం. ఇక్కడ పాలియెస్టర్ లప్పమే వాడారు, నేను అభ్యంతరం పెట్టలేదు. వట్టి రేకు మీద ముందు ఎపాక్సీ ప్రైమరు వేసి, అది ఆరాక గరుకు చేసి, ఆ పైన కాగితం మందాన లప్పం లాగారు. వంద గ్రాముల లప్పానికి రెండు గ్రాముల గట్టిపడే మందు కలపాలి. మన ఎండకు తొందరగా బిగుసుకుంటుంది కాబట్టి కుర్రాడు ఒకసారికి చారెడు మాత్రమే కలిపి, రంగు ఒకేలా వచ్చే దాకా పలకమీద నూరాడు. రుద్దిన తరువాత లప్పం ఎక్కువ భాగం గరుకు కాగితంతోనే పోయింది, ఆకురాయి గీతలు పూడ్చినంతే మిగిలింది. రుద్దడం కూడా పొడిగానే చేశారు. నీళ్లతో తడిపి రుద్దే కాగితాన్ని, లప్పం మీద ప్రైమరు వేశాక గాని వాడలేదు.

ఇంతవరకు నాకు వంక పెట్టడానికి ఏమీ కనబడలేదు. ఇక నచ్చనివి చెబుతాను.

ఎనిమిది రోజులలో ఇస్తామన్న బండి పందొమ్మిదో రోజున వచ్చింది. అందులో ఎక్కువ రోజులు వానలవే. జూలై నెలలో కాలువ గట్టు మీద, మూడు వైపులా తెరిచి ఉన్న షెడ్డులో పీయూ (పాలీయురేథేన్) పెయింటు కొట్టకూడదన్న పట్టుదల సరైనదే. ఆ పెయింటులో కలిపే గట్టిపడే మందు గాలిలోని తేమతో చర్య జరిపి బుడగలు తెస్తుంది, మెరుపు చంపుతుంది. కాని నాలుగు రోజులు మాత్రం మధ్యలో వచ్చిన లారీ క్యాబిన్ పని కోసం నా బండిని పక్కన పెట్టారు. ఆ మాట నేను ఫోను చేసి అడిగితే గాని చెప్పలేదు. ఊళ్లో కారు అవసరం ఉన్నవారికి ఇది కష్టమే.

పెయింటు రంగు కంటితో కలిపారు. నీడలో చూస్తే మడ్‌గార్డుకు, తలుపుకు తేడా తెలియదు. ఉదయం ఏటవాలు ఎండలో మడ్‌గార్డు ఒక వాసి తెల్లగా, తలుపు ఒక వాసి పసుపుగా కనబడతాయి. యాభై ఏళ్ల బండి తలుపు మీది పాత పెయింటు ఎండకు పసుపెక్కి ఉంటుంది కాబట్టి పూర్తిగా కలవదని తెలుసు. అయినా తలుపు మీదికి కొద్దిగా పొర పలచగా లాగి కలిపితే బాగుండేది. అడిగితే చేసేవారేమో, నేను ముందే అడగలేదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది పెయింటు కొట్టే కుర్రాడి ముక్కుకు చేతిరుమాలు తప్ప ఏమీ లేకపోవడం. ఆ గట్టిపడే మందులో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి ఆవిరి పీల్చినవారికి జీవితాంతం వదలని ఉబ్బసం రావచ్చు, దానికి చేతిరుమాలు అడ్డం కాదు. మేస్త్రి గారితో ఈ మాట గట్టిగానే అన్నాను. రాజమండ్రి వెళ్లినప్పుడు బొగ్గు డబ్బాలు బిగించే మాస్కులు రెండు కొని ఇచ్చాను. తరువాత వెళ్లినప్పుడు ఒక కుర్రాడు పెట్టుకుని ఉన్నాడు, రెండోవాడు మెడలో వేలాడదీసుకున్నాడు. అక్కడ బండి ఇచ్చేవారందరూ ఈ విషయం అడగాలని నా కోరిక. పని ఇచ్చేవాడు అడిగితే దానికి బరువుంటుంది.

మొత్తం రూ. 14,500 అయింది. రేకు పనికి 6,500, పెయింటు సామానుకు, కూలికి కలిపి 7,000, అడుగున కొత్త తారు పూతకు 1,000. బిల్లు కాగితం ఇవ్వలేదు, లెక్క నోటితో చెప్పారు. ఇన్సూరెన్సు కోసం రసీదు కావలసినవారు ముందే మాట్లాడుకోవాలి. లప్పం నింపి ఇస్తామన్నవారు దీనిలో సగం కన్నా తక్కువే అడిగారు. వెనుక తలుపుకు అదే తక్కువ ఖర్చు పెట్టి, ఇప్పుడు దానికి తుప్పు కోసి వేరే రేకు వేయించాల్సిన స్థితి వచ్చింది కనుక, ఈ ధర నాకు ఎక్కువ అనిపించలేదు.

వెళ్లదలచినవారికి రెండు మాటలు. లప్పం పూయకముందు వట్టి రేకు చూపించమని అడగండి. ఆయన చూపిస్తారు, అడిగినవారంటే ఆయనకు ఇష్టం కూడా. బండి తెచ్చుకునేటప్పుడు చిన్న అయస్కాంతాన్ని పలుచటి కాగితంలో చుట్టి బాగు చేసిన చోట, బాగు చేయని చోట ఆనించి చూడండి. లప్పం మందంగా ఉంటే అయస్కాంతం పట్టు సడలి జారిపోతుంది. నా మడ్‌గార్డు మీద రెండు చోట్లా ఒకేలా పట్టింది. కొత్త కార్ల పలుచటి రేకులకు, ప్లాస్టిక్ బంపర్లకు ఈ షెడ్డు అవసరం లేదు, ఆయనకూ వాటి మీద ఆసక్తి లేదు.

మొన్న అక్టోబరులో, రెండో వర్షాకాలం వెళ్లాక, చక్రం విప్పించి అడుగున చూశాను. మంట చుక్కలు పెట్టిన ఐదు చోట్లా తారు పూత చెక్కుచెదరలేదు, పైన పెయింటులో చీలిక లేదు, పొక్కు లేదు. గుడ్డ పరిచి అరచేతితో నడిపి చూశాను. కాయ ఎక్కడ పడిందో వేళ్లతో వెతికాను, దొరకలేదు. వెనుక తలుపును కూడా ఆయనకే ఇస్తున్నాను. వానలు లేని రోజులు చూసుకుని, సంక్రాంతి దాటాక తీసుకురమ్మన్నారు.